డబ్ల్యూ అంటే చేత

పైపులైను వంపు తిరిగే చోట పెట్టే ముక్కని ఎల్బో అంటారు. మోచెయ్యిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అచ్యుతాపురం సెజ్‌లో ఏ ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి తలెత్తినా ఇలాంటివి వందల్లో కనిపిస్తాయి. రంగు వెయ్యకముందు దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి దాని ఒంటి మీదా ఒక ముద్ర ఉంటుంది. తయారుచేసినవాడి గుర్తు, సైజు, మందం, ఆ తర్వాత "ఏ234 డబ్ల్యూపీబీ", దాని పక్కన ఒక హీట్ నంబరు. ఈ టపా ఆ డబ్ల్యూపీబీ గురించి. మూడక్షరాల గురించి ఇంత పొడుగు టపానా అనకండి. ఆ అక్షరాలు పట్టించుకోకపోతే ఏమవుతుందో కిందకొచ్చాక చెప్తాను.

నేను ఫక్తు సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ప్లాంట్లు కట్టేవాళ్ళ సామాన్ల జాబితాలు చూసుకునే ఒక ప్రోగ్రాం మీద కొన్నేళ్ళుగా పని చేస్తున్నాను. అందులో "తయారీ విధానం" అని ఒక కాలమ్ ఉంది. దాని విలువలు మూడే: రాట్, ఫోర్జ్‌డ్, కాస్ట్. చివరి రెండూ అందరికీ తెలుసు. "రాట్ అంటే ఏంటి?" అని మా టీంలో అడిగితే ఒకాయన గేట్లకి పూల డిజైన్లు వేసే ఇనుమన్నాడు. ఇంకొకాయన కుళ్ళిందన్నాడు :) స్పెల్లింగ్ చూస్తే ఆ అనుమానం ఉండదు గానీ, తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒకటే కదా, ఆయన తప్పేం లేదు.

నిజానికి తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఈ మాట ఎప్పుడో తెలుసు, తెలుసని తెలీదంతే. హైస్కూల్ రసాయనశాస్త్రంలో దుక్క ఇనుము, పోత ఇనుము, చేత ఇనుము అని చదువుకున్నాం గుర్తుందా? ఆ "చేత ఇనుము"లో చేతే ఈ రాట్. ఇంగ్లీషులో పని అనే మాటకి పాతకాలపు భూతకాల రూపం అది. పని చేయబడినది, చేతితో చేసినది అని అర్థం. పోత అంటే కరిగించి అచ్చులో పోసినది. చేత అంటే కాల్చి, కొట్టి, సాగదీసి, వంచి రూపం తెచ్చినది. ఆ అనువాదం చేసిన మహానుభావుడెవరో గానీ, మూలం కంటే మనదే సులువుగా అర్థమయ్యేట్టు పెట్టాడు. అయినా మనం చేత మర్చిపోయి రాట్ అంటున్నాం.

అసలు చేత ఇనుము అనే పదార్థం ఇప్పుడు దాదాపు లేదు. 1784లో హెన్రీ కోర్ట్ అనే ఇంగ్లండు ఆయన పడ్లింగ్ అనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దుక్క ఇనుమును కొలిమిలో కరిగించి, పొడవాటి కడ్డీతో కలియబెడుతూ అందులోని కార్బన్ని మండించేసేవాళ్ళు. కార్బన్ తగ్గేకొద్దీ ఇనుము ముద్దకడుతుంది. ఆ ముద్దని బయటికి లాగి సమ్మెట కింద పెట్టి చిట్టెం కారేదాకా కొట్టేవాళ్ళు. మిగిలేది కార్బన్ 0.1 శాతం కూడా లేని మెత్తటి ఇనుము, మధ్యమధ్యలో చిట్టెం పోగులు. ఈఫిల్ టవర్ దీంతోనే కట్టారు, 7,300 టన్నులు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఉక్కు చవకయ్యేసరికి దీని పని అయిపోయింది. ఇంగ్లండులో చివరి కొలుములు 1970లలో ఆరిపోయాయి. పదార్థం పోయింది, మాట మాత్రం మిగిలింది. ఇప్పుడు రాట్ అంటే పదార్థం పేరు కాదు, దానికి ఏం జరిగిందో చెప్పే విశేషణం.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. ఈ రోజుల్లో ఉక్కు అంతా మొదట పోతే. కొలిమిలోంచి ద్రవంగా వచ్చి దిమ్మెగానో బ్లూమ్‌గానో గడ్డకట్టాల్సిందే. దాన్ని అలాగే అచ్చులో పోసి వదిలేస్తే పోత. మళ్ళీ వేడి చేసి రోలర్ల మధ్య నలిపితే, ప్రెస్సు కింద అణిస్తే చేత. గడ్డకట్టేటప్పుడు లోహం కుంచించుకుపోయి లోపల సన్నటి బొల్లులు పడతాయి, మలినాలు చివరగా చల్లబడే చోటికి చేరతాయి, రేణువులు లావుగా పెరుగుతాయి. నలిపితే ఆ బొల్లులు మూసుకుపోతాయి, రేణువులు సన్నబడతాయి. చపాతీ పిండి మర్దించినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పోత పనికిరాదని కాదు. మెలికలు తిరిగిన వాల్వు బాడీని కొట్టి చెయ్యాలంటే ఎవడివల్లా కాదు, పోతే గతి. కానీ పోసినదాన్ని ఎక్స్‌రే తీసో మరోలాగో లోపల ఏముందో చూసుకోవాలి.

ఏ234 అనే అమెరికా ప్రమాణంలో చేత కింద ఏమేం వస్తాయో చూస్తే జాబితా పెద్దదే. సమ్మెటతో కొట్టడం, ప్రెస్ చెయ్యడం, పొడిచి బెజ్జం చెయ్యడం, నెట్టి సాగదియ్యడం, రోలింగ్, వంచడం, ఆఖరికి ప్లేట్లు చుట్టి వెల్డింగ్ చెయ్యడం కూడా. ఎల్బో చేసే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది. కావలసిన సైజు కంటే సన్నటి పైపు ముక్కని తీసుకుని, ఎద్దు కొమ్ములా ఉండే మాండ్రెల్ మీదికి ఎర్రగా కాలుస్తూ నెడతారు. ముక్క కొమ్ము మీదుగా జారుతూ వంగుతుంది, లావెక్కుతుంది కూడా. మామూలుగా పైపుని వంచితే బయటి వైపు గోడ సాగి పల్చబడుతుంది, లోపలి వైపు ముడతపడి దళసరి అవుతుంది. ఇందులో వంచడం, వెడల్పు చెయ్యడం కలిసి జరుగుతాయి కాబట్టి లోపలి వైపు ఎక్కువైన లోహం సర్దుకుని మందం అంతా ఒకేలా వస్తుంది. డబ్ల్యూపీబీ ఎల్బో చివరి పని 620 నుంచి 980 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ముగిసి, కదలని గాలిలో చల్లారితే ఇంకో వేడి చికిత్స అక్కర్లేదని కూడా ఏ234 చెప్తుంది. అంటే ఆ మూడక్షరాల్లో ఉష్ణోగ్రత కూడా దాక్కుని ఉంది.

పైపుల చరిత్రలోకి ఒక్కసారి తొంగి చూద్దాం. 1810లలో లండన్ వీధుల్లో గ్యాసు దీపాలు పెడుతున్న రోజుల్లో తగినన్ని పైపులు దొరక్క, నెపోలియన్ యుద్ధాల తర్వాత మిగిలిపోయిన తుపాకీ గొట్టాల్ని చివర్లు కలిపి బిగించేవాళ్ళట. ఇంగ్లండులో పైపుని ఇప్పటికీ బ్యారెల్ అనేవాళ్ళున్నారు. 1825లో కార్నీలియస్ వైట్‌హౌస్ అనే ఆయన చేత ఇనుప పట్టీని కాల్చి, గుండ్రటి అచ్చులోంచి లాగి, అంచులు అతుక్కునేట్టు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక పైపు ఒక పరిశ్రమైంది. 1885 ప్రాంతంలో జర్మనీలో మన్నెస్‌మన్ అన్నదమ్ములు గట్టి కడ్డీని తిప్పుతూ నడిమికి బెజ్జం చేసే పద్ధతి కనిపెట్టారు. అతుకు లేని పైపు అలా పుట్టింది. అన్నట్టు, అర అంగుళం పైపు బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు. అందులో అర అంగుళం ఎక్కడుందో వెతకడం దండగ. ఆ పేరు కూడా లోపలి బెజ్జాన్ని బట్టి పెట్టిన పాతకాలం నాటిది. పేర్లు ఇంత మొండివి.

సరే, పేర్ల దగ్గరికే వద్దాం. నాబోటి కోడు రాసేవాడికి ఇదే అసలు పసందు.

ఏ234లో ఏ అంటే ఇనుము జాతి లోహాలు. రాగి, నికెల్ లాంటివైతే బి. 234 అనేది వరుస సంఖ్య, దానికి అర్థం లేదు. డబ్ల్యూపీ అంటే చేత పైపు ఫిట్టింగు. చివరి బి అంటే ఏ106 పైపుల్లో బి గ్రేడుకి జోడీ. "బీ గ్రేడా? రెండో రకం సరుకా?" అని బేరాల దగ్గర అనుమానపడేవాళ్ళుంటారు. రెండో రకమేం కాదు. సి గ్రేడైతే ఇంకా బలం ఎక్కువ, అంతే. బి గ్రేడు పైపు, డబ్ల్యూపీబీ ఎల్బో రెండూ కనీసం 415 మెగాపాస్కల్ లాగుడు బలం తట్టుకోవాలి. రెండూ ఒకటే ఉక్కు, ఆకారమే వేరు.

మిశ్రలోహాల్లో ఈ పద్ధతి ఇంకా అందంగా ఉంటుంది. ఒకటింబాతిక శాతం క్రోమియం, అర శాతం మాలిబ్డినం ఉన్న ఉక్కు సంఖ్య 11. పైపైతే పీ11, బాయిలర్ ట్యూబైతే టీ11, ఫోర్జింగైతే ఎఫ్11, చేత ఫిట్టింగైతే డబ్ల్యూపీ11. అక్షరం రూపం చెప్తుంది, అంకె రక్తం చెప్తుంది. ఒకే క్లాసు, వేర్వేరు ఆబ్జెక్టులు. చక్కగా ఉంది కదా అనుకునేలోగా పోత వాల్వుల దగ్గర పద్ధతి చెడుతుంది. అక్కడ దాదాపు ఇదే ఉక్కు పేరు డబ్ల్యూసీ6. మామూలు కార్బన్ ఉక్కు వాల్వు బాడీ డబ్ల్యూసీబీ. డబ్ల్యూపీబీ, డబ్ల్యూసీబీ పక్కపక్కన చూసి "డబ్ల్యూ అంటే చేత" అనుకున్నారో పప్పులో కాలేసినట్టే. వాల్వులవాళ్ళు దాన్ని వెల్డింగుకి పనికొచ్చే పోత, బి గ్రేడు అని విడదీస్తారు. ఒకచోట డబ్ల్యూ చేత, ఇంకోచోట డబ్ల్యూ ఉన్నది పోత! నేమ్‌స్పేస్‌లు లేని రోజుల్లో పెట్టిన పేర్లు మరి.

మరి ఫోర్జింగ్ మాత్రం చేత కాదా? చేతే. కేటలాగుల్లో మాత్రం పైపు నుంచో ప్లేటు నుంచో చేసి అంచుకి అంచు వెల్డింగు చేసేవాటిని రాట్ అంటారు. గట్టి కడ్డీని కాల్చి డైలో కొట్టి, తర్వాత బెజ్జం వేసి చేసే చిన్న సైజు సాకెట్ ఫిట్టింగులని, ఫ్లాంజిల్ని ఫోర్జ్‌డ్ అంటారు. వాటి మామూలు పేరు ఏ105. మన విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలు, వైరు, రౌండ్లు, స్ట్రక్చరల్స్. ప్లేట్లు, పైపులు చెయ్యదు. అంచేత ఉక్కు నగరంలో ఒక ఎల్బోకి కావలసిన పైపు బయటి నుంచే రావాలి. ఇది చెప్తే మా వాళ్ళు నమ్మలేదు.

విశాఖలో ఇంకో విశేషం ఉంది. 1957లో ఇక్కడ కాల్‌టెక్స్ వాళ్ళ రిఫైనరీ మొదలైంది. అదే తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం అయింది. ఆ అమెరికా కంపెనీతో పాటు అమెరికా పేర్ల లోకం ఊళ్ళోకొచ్చింది. ఉక్కు కర్మాగారమేమో 1966 ఆందోళన, 32 మంది ప్రాణాలు, 1971లో శంకుస్థాపన, ఆ తర్వాత 1979లో సోవియట్ ఒప్పందం, ఇలా నడిచింది. 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. సోవియట్ వాళ్ళ పేర్ల పద్ధతి పూర్తిగా వేరు. 20 నంబరు ఉక్కంటే 0.20 శాతం కార్బన్. 12హెచ్18ఎన్10టీ లాంటి పేరుంటే (ఆ హెచ్ రష్యన్లో క్రోమియం అక్షరం) 0.12 కార్బన్, 18 క్రోమియం, 10 నికెల్, కాస్త టైటానియం. పేరులోనే వంట దినుసులన్నీ ఉన్నాయి. అమెరికా పేరు పుస్తకం తెరిస్తేగానీ అర్థం కాదు, డేటాబేస్‌లో ఫారిన్ కీ లాగా. నన్నడిగితే సోవియట్ పద్ధతికే ఓటు. కానీ ఆ పేరు దినుసులు చెప్తుంది, పోతైతే చివర ఇంకో అక్షరం చేర్చి ఆ సంగతీ చెప్తుంది గానీ, పైపో ఫోర్జింగో చెప్పదు. అమెరికా పేరు రూపం చెప్తుంది, దినుసులు చెప్పదు.

ఈ పేర్లేవీ ఊరికే సరదాకి పుట్టలేదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి కొందరు చనిపోయారు. మరుసటి ఏడాదే బెంగాల్లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. దేశమంతటికీ 1923లో ఒకటి, 1950లో నిబంధనలు, ఆ 1923 చట్టం స్థానంలో 2025లో కొత్తది. అమెరికాలో 1905 మార్చి 20న మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్‌టన్‌లో ఒక బూట్ల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది పోయారు. ఆ రాష్ట్రం 1907లో నిబంధనలు చేసింది, 1914లో మెకానికల్ ఇంజనీర్ల సంఘం బాయిలర్ కోడు తయారుచేసింది. అంతకుముందే, 1898లో, పెన్సిల్వేనియా రైల్వేలో రసాయనవేత్త చార్లెస్ డడ్లీ లాంటివాళ్ళు పట్టాలు విరగడం చూసి విసిగిపోయి, ఉక్కు అమ్మేవాడూ కొనేవాడూ కలిసి కూర్చుని ప్రమాణాలు రాసుకోవాలని పట్టుబట్టారు. ఏ234లోని ఏ ఆ సంస్థ పెట్టిందే.

ఇప్పుడు పైన బాకీ పెట్టిన కథ. 2005 జులై 28, టెక్సాస్ సిటీ, బీపీ రిఫైనరీ. అంతకు నాలుగు నెలల ముందే అక్కడ 15 మంది చనిపోయిన పెద్ద పేలుడు జరిగింది, అది అందరికీ తెలుసు. ఇది రెండోది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఒక యూనిట్లో అధిక పీడనంలో ఉన్న వేడి హైడ్రోజన్ వెళ్ళే 8 అంగుళాల లైను. అందులో మూడు ఎల్బోలు. చల్లటి వైపుది మామూలు కార్బన్ ఉక్కు, వేడి వైపు రెండూ ఒకటింబాతిక క్రోమియం ఉక్కు, అంటే మనం పైన చెప్పుకున్న 11 జాతి. డిజైన్ చేసినవాళ్ళు ఖర్చు తగ్గుతుందని అలా పెట్టారు, తప్పేం కాదు. కొలతలు మాత్రం మూడింటివీ ఒకటే. ఆ ఏడాది మొదట్లో మరమ్మతు కోసం మూడింటినీ విప్పారు. తిరిగి బిగించేటప్పుడు కార్బన్ ఉక్కు ముక్క వేడి వైపుకి వెళ్ళింది, క్రోమియం ముక్క చల్లటి వైపుకి. వీటి పదార్థాలు వేరని పనిచేసిన కాంట్రాక్టరుకి ఎవరూ చెప్పలేదు. ముక్కల మీద తేడా తెలిపే గుర్తేదీ పెట్టి లేదు. బోల్టులు సరిగ్గా సరిపోయాయి, లీకు లేదు, యూనిట్ నడిచింది. మూడు నెలలు నడిచి ఆ ఎల్బో పగిలిపోయింది. హైడ్రోజన్ మంట, 3 కోట్ల డాలర్ల నష్టం. అదృష్టం కొద్దీ ప్రాణనష్టం లేదు, ఒకరికి స్వల్ప గాయం. దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు 2006లో దీని మీద ప్రత్యేకంగా బులెటిన్ వేసింది.

ఎందుకు పగిలిందో తెలిస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. హైడ్రోజన్ అణువు విడిపోతే పరమాణువు ఎంత చిన్నదంటే ఉక్కు లోపలికి దూరిపోతుంది. వేడి, పీడనం రెండూ ఉంటే లోపలి కార్బన్‌తో కలిసి మీథేన్ అవుతుంది. మీథేన్ పెద్ద అణువు, బయటికి రాలేదు. లోపలే రేణువుల సరిహద్దుల్లో ఉబ్బి పగుళ్ళు తెస్తుంది. అంటే ఉక్కుకి బలాన్నిచ్చే కార్బన్నే హైడ్రోజన్ తినేస్తుంది. క్రోమియం, మాలిబ్డినం ఉంటే కార్బన్ని గట్టిగా పట్టుకుని వదలవు. బయటి నుంచి చూస్తే ఏ తేడా కనపడదు, రంగు మారదు, తుప్పు రాదు.

ఈ జబ్బుని మొదట ఎదుర్కొన్నది కార్ల్ బాష్. అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చే క్రమంలో 1910 ప్రాంతంలో ఆయన పెట్టిన ఉక్కు గొట్టాలు సుమారు 80 గంటల్లో పగిలిపోయాయి. ఆయన చేసిన వైద్యం ఏంటో తెలుసా? లోపల కార్బన్ లేని మెత్తటి ఇనుము తొడుగు పెట్టాడు. హైడ్రోజన్‌కి తినడానికి ఏమీ దొరకదు. బయట బలానికి మామూలు ఉక్కు, దానికి సన్నటి బెజ్జాలు, తొడుగులోంచి ఊరిన హైడ్రోజన్ పోగుపడకుండా బయటికి పోవడానికి. అంటే ఉక్కు వచ్చాక పనికిరాదని పక్కనపెట్టిన చేత ఇనుము జాతి లోహమే ఉక్కుని కాపాడింది. 1913లో ఓపావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది, 1931లో బాష్‌కి నోబెల్ వచ్చింది.

ముద్ర లేని రోజుల్లో ఏం చేసేవాళ్ళు? దానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. డమాస్కస్ కత్తులకి వాడిన ఉక్కు ఇక్కడి మూసల్లో తయారయ్యేది. 1820లలో హెన్రీ వాయ్సీ అనే కంపెనీ డాక్టరు అక్కడికెళ్ళి చూసి రాసిన వివరం, ఆయన పోయాక 1832లో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము పాళ్ళు చూసి కలిపి మూసలో కరిగించేవాళ్ళు. ఆయన వెళ్ళేసరికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే మకాం వేసి ఉన్నాడు. సరుకు మంచిదో కాదో కాగితం చెప్పదు కాబట్టి కొనేవాడే వచ్చి పక్కన కూర్చోవాలి. అదీ ఆనాటి టెస్ట్ సర్టిఫికెట్. నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఇనుప కొలుముల గురించి బెంజమిన్ హేన్ 1795లో రాసిన నివేదికని ధరంపాల్ 1971లో తన పుస్తకంలో వేశారు. కరువుకి ముందు బాగా బతికిన ఊరని, తను చూసేనాటికి చితికిపోయిందని అందులో ఉంటుంది. మనుషులు చితికిపోతే వాళ్ళ చేతుల్లో ఉన్న విద్యా పోయింది. ముద్రలు, హీట్ నంబర్లు ఆ వర్తకుడికి బదులుగా వచ్చినవే. హీట్ నంబరంటే కొలిమిలోంచి ఒక్కసారి తీసిన ద్రవం సంఖ్య. మాకు కమిట్ ఐడీ ఎలాగో అది అలాగ. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే ఏ రోజు ఏ దినుసులో తెలుస్తుంది.

మా పెద్దమ్మ కొడుకు అచ్యుతాపురంలో పైప్ ఫిట్టరు, ఎలమంచిలి నుంచి రోజూ వెళ్ళొస్తాడు. ఈ విషయాలు నాకంటే బాగా తెలుసు, పేర్ల చరిత్ర తప్ప. "అన్నయ్యా, చూసి చెప్పలేవా ఏది ఏదో?" అంటే నవ్వాడు. "కంటికి అన్నీ ఒకలాగే ఉంటాయిరా తమ్ముడూ. ముద్దర సూడాల. ముద్దర లేపోతే అది ఇనప ముక్కే, పక్కనెట్టీడమే" అన్నాడు. గ్రైండర్ పెట్టి నిప్పురవ్వలు చూస్తే స్టెయిన్‌లెస్సో కాదో చెప్పేస్తానన్నాడు గానీ, కార్బన్ ఉక్కుకీ ఒకటింబాతిక క్రోమియానికీ తేడా మాత్రం రవ్వల్ని నమ్మి చెప్పనన్నాడు. ఇప్పుడు చేతిలో పట్టుకునే ఎక్స్‌రే తుపాకులున్నాయి. క్రోమియం ఎంతో క్షణాల్లో చెప్తాయి. కానీ కార్బన్ని అవి చూడలేవు. అంచేత 316కీ 316ఎల్‌కీ తేడా (ఎల్ అంటే కార్బన్ తక్కువ, 0.03 శాతం దాకానే) ఆ తుపాకీ చెప్పదు, దానికి వేరే పరికరం కావాలి. ఇక చేతా పోతా అన్నది ఆ తుపాకీకి అసలు సంబంధమే లేదు. తిరిగి తిరిగి ముద్ర దగ్గరికే రావాలి.

మరి ఆ ముద్ర ఎవరు చదువుతున్నారు? ఒకప్పటి విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా అయిన ఈ ప్రాంతంలో పొలాలు పోయి సెజ్ వచ్చి రెండు దశాబ్దాలవుతోంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో ద్రావకం లీకై, ఆవిరి అంటుకుని పేలి 17 మంది చనిపోయారు. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ వ్యవస్థని పరీక్షిస్తుండగా పేలి 19 మంది పోయారు. ఇవన్నీ తప్పుడు ఫిట్టింగు వల్ల జరిగాయని నేననడం లేదు. పైపుల మధ్య బతికే ఊళ్ళు ఇవి, అంతే. లోపల ఏం పారుతోందో, గోడ దేంతో చేసిందో తెలియడం ఇక్కడ ఇంజనీర్ల వ్యవహారం మాత్రమే కాదు.

2025 జనవరి 8న పూడిమడకలో ఎన్‌టీపీసీ వాళ్ళ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. అచ్యుతాపురానికి పక్కనే, సముద్రం ఒడ్డున. పెట్టుబడి 1,85,000 కోట్లు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. ఇంకా దాన్నించి మెథనాల్, యూరియా, విమాన ఇంధనం. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే చోట వేడి తక్కువే, అక్కడ పైన చెప్పిన జబ్బు రాదు. కానీ యూరియా కావాలంటే ముందు అమ్మోనియా చెయ్యాలి. అమ్మోనియా అంటే బాష్ కష్టపడిన ఆ వేడి, ఆ పీడనమే. అక్కడి లైన్లలో ఏ ఎల్బో ఏ జాతిదో లెక్క తప్పకూడదు. ఆ ఎల్బోల్ని ఎత్తి బిగించేది చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు. వాళ్ళకి శిక్షణలో ఇచ్చే కాగితాలు నేను కొన్ని చూశాను, ఇంగ్లీషులో ఉంటాయి. డబ్ల్యూపీబీ, ఎఫ్11 అని బట్టీ పడతారు. రంగు పట్టీలు కూడా ఉంటాయి గానీ ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. ఒకచోట ఆకుపచ్చ చూసి అలవాటైన చెయ్యి ఇంకోచోటికెళ్తే తికమక పడకుండా ఎలా ఉంటుంది?

అందుకే మా అన్నయ్య కోసం ఒక పేజీ తెలుగు పట్టిక తయారుచేస్తున్నాను. డబ్ల్యూపీ ఎదురుగా "చేత" అని, వాల్వుల డబ్ల్యూసీ ఎదురుగా "పోత" అని రాశాను, ఆ రెండింటికీ తడుముకోనక్కర్లేదు. 11 ఎదురుగా "క్రోమియం ఉక్కు, వేడి హైడ్రోజన్ చోట" అని పెట్టాను. ఎఫ్ దగ్గర ఆగిపోయాను. నిఘంటువుల్లో ఉన్న మాటలు ఫిట్టర్లెవరూ వాడరు. "కొట్టుడు" అంటే అన్నయ్య నవ్వాడు. ఇనుముని కాల్చి దాగలి మీద పెట్టి సమ్మెటతో రూపం తెచ్చే పనికి మీ ఊరి కమ్మరి కొలిమి దగ్గర ఒక్క మాటలో ఏమంటారో తెలిస్తే కింద రాసి పుణ్యం కట్టుకోండి. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.